భూగోళం లోపలికి వెళ్ళివద్దాం

పిల్లలూ, మీ బడిలో భూగోళం నమూనా ఒకటి ఉండే ఉంటుంది. మేష్టారు దాన్ని బల్లమీద పెట్టి గిర్రున తిప్పుతారు. మన దేశం కనిపించేటప్పుడు అమెరికా కనిపించదు. అమెరికా ఇటు వచ్చేసరికి మన దేశం అటు వెళ్ళిపోతుంది. ఎంత తిప్పినా ఒక్కసారి సగానికి మించి చూడలేము. ఆ సగమైనా సరిగా కనిపిస్తుందా అంటే, అదీ లేదు. కంటికి ఎదురుగా ఉన్న దేశం బాగానే ఉంటుంది. అంచున ఉన్నది మాత్రం నలిగిన కాగితంలాగా సన్నబడిపోతుంది.

దీనికి ఒక్కటే ఉపాయం. మనం గోళం లోపలికి వెళ్ళి, నట్టనడుమ నిలబడి చుట్టూ చూడాలి!

నవ్వకండి. నిజంగా అలా చూడగల చోటు ఒకటి ఉన్నది. అది అమెరికాలో, బాస్టన్ నగరంలో ఉన్నది. దాని పేరు మ్యాపేరియం. అక్వేరియం అంటే గాజు తొట్టిలో చేపలుంటాయి గదా, ఇది దానికి అన్నదమ్ముడివంటి పేరు. తేడా ఏమిటంటే, ఇక్కడ గాజు లోపల ఉండేది మనమే!

2018 వేసవిలో నేను మా అమ్మను వెంటబెట్టుకుని మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ కాపురం బాస్టనుకు దగ్గరలోనే. మా మేనల్లుడికి అప్పుడు పన్నెండేళ్ళు, మేనకోడలికి ఎనిమిది. మా అమ్మకు ఎనభైరెండు. ఈ ముగ్గురికీ నచ్చే చోటు ఏదా అని మా చెల్లెలు చాలా ఆలోచించి, చివరకు అందరినీ అక్కడికి తీసుకువెళ్ళింది.

బయటినుంచి చూస్తే అక్కడ గోళం ఉన్న జాడే లేదు. పెద్ద రాతి కట్టడం, అందులో ఒక గ్రంథాలయం. క్రైస్తవ మత శాఖ ఒకటి అక్కడినుంచి తన పుస్తకాలనూ, వార్తాపత్రికనూ ప్రచురించేది. 1930 ప్రాంతాల్లో న్యూయార్కు నగరంలో మరొక పత్రికవారు తమ మేడలో, వచ్చేపోయేవాళ్ళు చూడటానికని, గిరగిర తిరిగే పెద్ద గోళం పెట్టారు. బాస్టనులో మేడ కట్టిన శిల్పి చెస్టర్ లిండ్సే చర్చిల్. ఆయన దాన్ని మించినది చెయ్యాలనుకున్నాడు. అంతకన్న పెద్ద గోళం చేసి ఊరుకోలేదు. మనుషులు లోపలికి నడిచి వెళ్ళే గోళం చేశాడు. 1935లో దాన్ని ప్రజలు చూడటానికి తెరిచారు.

ఒక తలుపు తీశారు. ముందర గాజు వంతెన. దాని పొడవు ముప్ఫయి అడుగులు. అది ఒక గాజు బంతిని ఈ పక్కనుంచి ఆ పక్కకు దాటుతుంది. బంతి అడ్డుకొలత కూడా ముప్ఫయి అడుగులే. అంటే మూడంతస్తుల ఇల్లంత ఎత్తు. చుట్టూ కంచు చట్రాలు, వాటిలో రంగురంగుల గాజు పలకలు బిగించి ఉన్నాయి. మొత్తం 608 పలకలు. అవన్నీ కలిస్తేనే సముద్రాలూ, ఖండాలూ, దేశాలూ. గాజు బయటి పక్కన దీపాలున్నాయి. వాటి వెలుగు లోపలికి చొచ్చుకు వచ్చి సముద్రాలను నీలంగా వెలిగిస్తున్నది. వంతెనమీద కాలు పెట్టగానే మా మేనకోడలు గభాలున అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నది. కాళ్ళకింద అంత లోతున దక్షిణ ధ్రువం కనిపిస్తూంటే ఎవరికైనా అలాగే ఉంటుంది!

లోపలినుంచి చూస్తే ఏమిటి గొప్ప అంటారా? వంతెన మధ్య నిలబడితే మీ కన్ను బంతికి ఇంచుమించు కేంద్రంలో ఉంటుంది. అక్కడినుంచి ఏ దేశమైనా ఒకే దూరం. పదిహేను అడుగులు. దేశాలన్నీ ఒకే దూరంలో ఉంటే, ఒకటి దగ్గరగా ఉండి పెద్దదిగానూ, ఇంకొకటి దూరంగా ఉండి చిన్నదిగానూ కనిపించే బాధ లేదు. ఏది ఎంతో అంతే కనిపిస్తుంది.

గోడమీద వేలాడదీసే పటాలను మీరు చూశారు గదా. చాలా వాటిలో గ్రీన్‌లాండు ఆఫ్రికా అంత ఉంటుంది. గుండ్రని భూమిని చదునైన కాగితంమీద పరచటానికి ధ్రువాల దగ్గరి భాగాలను సాగదీశారు మరి! ఆఫ్రికా నిజానికి గ్రీన్‌లాండుకు సుమారు పద్నాలుగు రెట్లు. మన ఇండియా కూడా గ్రీన్‌లాండుకన్న పెద్దదే, ఒకటిన్నర రెట్లు. ఈ మాట మేష్టారు చెబితే నమ్ముతాము. కాని ఆ బంతిలో తల పైకెత్తి గ్రీన్‌లాండునూ, వెంటనే పక్కకు తిరిగి ఆఫ్రికానూ చూస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు.

అక్కడ కొలత కూడా సులువే. అంగుళానికి ఇరవైరెండు మైళ్ళు. ఈ లెక్కన హైదరాబాదునుంచి విశాఖపట్నానికి జానన్నర దూరం. ఎవరెస్టు శిఖరాన్ని ఆ గాజుమీద పోతపోసి పెట్టాలంటే పావు అంగుళం ఎత్తు చాలు. వేలితో తడిమితే గాని తెలియదు! భూమి ఎంత పెద్దదో, మన కొండలు దానిమీద ఎంత చిన్నవో నాకు అప్పుడు తెలిసివచ్చింది.

మరొక తమాషా. మేము ఇండియానుంచి విమానంలో వెళ్ళేటప్పుడు, అమెరికా పడమర ఉంటే విమానం ఉత్తరానికి ఎందుకు పోతున్నదని మా అమ్మ అడిగింది. నేను ఏదో చెప్పాను గాని ఆమెకు నచ్చలేదు. గోళం మధ్య నిలబడి చూస్తే అది ఇట్టే తేలిపోయింది. కేంద్రంనుంచి చూసేవాడికి భూమిమీద అన్నిటికన్న దగ్గర దారి వంకర లేకుండా తిన్నగా కనిపిస్తుంది. హైదరాబాదునుంచి బాస్టనుకు ఆ తిన్నని గీత గీసి చూడండి. అది పైకి ఎక్కి, నార్వే మీదుగా పోయి, గ్రీన్‌లాండు దక్షిణపు కొనను రాసుకుంటూ అమెరికాలో దిగుతుంది. పటంమీద చుట్టుదారిలా కనిపించేదే అసలు దగ్గర దారి. విమానాలు గాలులనూ, ఇతర సంగతులనూ చూసుకుని కొంచెం అటూ ఇటూ పోతాయనుకోండి, కాని ఉత్తరానికి ఎక్కటానికి కారణం ఇదే.

ఇక్కడ మీకొక చిక్కుప్రశ్న. పలచని కాగితంమీద ఇండియా పటం గీసి, దాన్ని కిటికీకి ఆనించి వెనకనుంచి చూడండి. కలకత్తా ఎడమకూ బొంబాయి కుడికీ వచ్చేస్తాయి! గోళం లోపలినుంచి చూసినా అలాగే తిరగబడాలి గదా? కాని మ్యాపేరియంలో కలకత్తా కుడి పక్కనే ఉన్నది. ఎందుచేతనంటే, ఆ పటం లోపలివాళ్ళకోసమే వేసినది. బయటికి వెళ్ళి చూడగలిగితే అదే తల్లకిందులుగా, కాదు, కుడిఎడమలుగా కనిపిస్తుంది. అంటే అది మన భూమికి అద్దంలో ప్రతిబింబమన్నమాట. అటువంటి భూమి ఎక్కడా లేదు, అయినా అన్నిటికన్న సరిగా కనిపించేది అదే! ఈ సంగతి మా మేనల్లుడికి చెబితే వాడు కాసేపు మాట్లాడకుండా బుర్ర గోక్కున్నాడు.

అయితే వాడికి ఇంకొక పెద్ద ఫిర్యాదు ఉన్నది.

“మామయ్యా, ఈ పటమంతా తప్పులే!” అన్నాడు.

వాడి మాట ఒకందుకు నిజమే. ఆ గాజు పటం 1935నాటి ప్రపంచం. ఇప్పుడు రష్యా, ఉక్రెయిను, కజకస్తాను మొదలైనవి ఉన్నచోట అక్కడ ఒకే సోవియట్ యూనియన్. వియత్నాం, లావోసు, కంబోడియాలు లేవు. వాటికి బదులు ఫ్రెంచి ఇండోచైనా ఉన్నది. ఇండొనీషియా పేరు డచ్చి ఈస్ట్ ఇండీసు. థాయ్‌లాండు పేరు సయాం. ఆఫ్రికాలో ఈనాడు 54 స్వతంత్ర దేశాలున్నాయి. ఆ గోళంమీద ఖండం దాదాపుగా అంతా యూరపు రాజ్యాలు పంచుకున్న ముక్కలే. పాకిస్తాను లేదు, బంగ్లాదేశ్ లేదు. ఇజ్రాయెల్ లేదు. మన దేశం ఇంకా ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్నది.

మా మేనకోడలు వాళ్ళ తాతగారి ఊరున్న రాష్ట్రం కోసం వెతకబోయింది. ఎలా దొరుకుతుంది? 1935లో తెలుగువాళ్ళు ఎక్కువమంది మద్రాసు రాజధానిలోనూ, మిగతావాళ్ళలో చాలామంది నిజాంగారి హైదరాబాదు సంస్థానంలోనూ ఉండేవాళ్ళు. ఆంధ్ర రాష్ట్రం 1953లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1956లో, తెలంగాణ రాష్ట్రం 2014లో వచ్చాయి. ఇన్ని మార్పులు వచ్చినా గోదావరి మాత్రం కదలలేదని నేను ఆ పిల్లకు నచ్చజెప్పాను.

“ఇన్ని తప్పులున్నప్పుడు దిద్దవచ్చు గదా!” అన్నాడు మా మేనల్లుడు.

దిద్దుదామని వాళ్ళూ అనుకోకపోలేదు. 1939లో ఒకసారి, 1958లో ఒకసారి, 1966లో ఒకసారి ఆ ఆలోచన వచ్చింది. మూడుసార్లూ మానుకున్నారు. ఖర్చు ఒక కారణం. గాజుమీద వేసి కొలిమిలో కాల్చిన రంగులను పలకమీద బొమ్మలాగా చెరిపి మళ్ళీ వెయ్యటానికి కుదరదు. పలకలే మార్చాలి. రెండో కారణం ఏమిటంటే, ఒకనాటి ప్రపంచం ఎలా ఉండేదో అలాగే చూపే వస్తువు మరొకటి ఎక్కడ దొరుకుతుంది? 1998లో మరమ్మతులకని మూసి, 2002లో మళ్ళీ తెరిచారు. అప్పుడు కూడా పటం జోలికి పోలేదు.

ఇదంతా చెప్పినా మా మేనల్లుడికి సమాధానం కాలేదు. “పాతదైతే పాతదని బోర్డు పెట్టి, కొత్తది పక్కన కట్టాలి” అన్నాడు. వాడి మాటలోనూ న్యాయం ఉన్నదని నాకు తోచింది. వాడికి సమాధానం చెప్పినది మా అమ్మ. అదీ చెప్పాలని కాదు.

మేమందరం మాట్లాడుకుంటూండగా ఆమె వంతెన కమ్మీ పట్టుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, బంగాళాఖాతం వైపే చూస్తున్నది. ఆ సముద్రానికి ఇటు పక్క కాకినాడ. అటు పక్క ఐరావతీ నది సముద్రంలో కలిసే చోటు. రంగూను నగరం అక్కడ ఉన్నది.

మా అమ్మ 1936లో రంగూనులో పుట్టింది.

ఆ రోజుల్లో గోదావరి, విశాఖ జిల్లాలనుంచి వేలకొద్దీ జనం పొట్టకూటికి బర్మా వెళ్ళేవాళ్ళు. ఓడలో మూడు నాలుగు రోజుల ప్రయాణం. బియ్యం మరల్లోనూ, రేవులోనూ పనిచేసేవాళ్ళు. కాకినాడ దగ్గర కోరంగి అనే పాత రేవు ఉన్నది. దాని పేరునుబట్టి బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. మా తాతగారు కూడా అలా వెళ్ళినవాడే. ఒక బియ్యం మరలో ఆయనకు తూకాల దగ్గర పని. ఆయన పరదేశం పోలేదు. ఎందుచేతనంటే, అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. 1937 ఏప్రిల్ 1న దాన్ని ఇండియానుంచి వేరుచేశారు. అంటే మా అమ్మ ఇండియాలోనే పుట్టింది. ఆమెకు నడక వచ్చేసరికి, ఆమె ఇల్లు కదలకుండానే, ఆ ఊరు వేరే దేశంలోకి వెళ్ళిపోయింది!

ఈ సంగతి ఎవరికీ అర్థం కాక ఆమె చాలా తిప్పలు పడింది. పాస్‌పోర్టు కోసం కాగితాలు నింపేటప్పుడు, కార్యాలయంలో ఒక గుమాస్తా, “అయితే మీరు విదేశంలో పుట్టారన్నమాట!” అన్నాడు. “నేను పుట్టినప్పుడు అది విదేశం కాదు నాయనా” అన్నది మా అమ్మ. దానికి కాగితం చూపమన్నాడు ఆయన. కాగితాలన్నీ రంగూనులోనే ఉండిపోయాయి.

ఎలా ఉండిపోయాయంటే, 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుమీద బాంబులు వేశాయి. లక్షలమంది మనవాళ్ళు ఇండియాకు దారిపట్టారు. ఓడలు చాలలేదు. చాలామంది కొండలూ అడవులూ దాటి నడిచారు. మా తాతగారు మా అమ్మమ్మనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని ప్రోము పట్నందాకా వచ్చి, అక్కడినుంచి అరకాను కొండలు దాటి, సముద్రం ఒడ్డున ఉన్న టౌంగప్పు చేరాడు. అక్కడినుంచి పడవలమీద చిట్టగాంగు, తరవాత రైళ్ళమీద కలకత్తా, చివరకు సామర్లకోట. కొండలదారి నడవటానికి పన్నెండు రోజులు పట్టిందట. దారిలో నీళ్ళు లేవు. ఉన్నచోట తాగితే కలరా. అయిదేళ్ళ మా అమ్మ నాన్న భుజంమీద కూర్చుని ఆ కొండలు దాటింది. ఆమె చంటి తమ్ముడు దాటలేదు.

ఈ కథ మాకు తెలియనిది కాదు, కాని మా అమ్మ దీన్ని ఎప్పుడూ ఒకే ముక్కలో చెప్పేది. ఆనాడు మాత్రం వంతెనమీద నిలబడి, అటు వేలు చూపుతూ, మనవడికి మొదటినుంచి చెప్పింది. వాడు కొండలు ఎక్కడున్నాయని అడిగాడు. ఆమె చూపింది. వాడు కళ్ళతోనే కొలిచాడు.

“ప్రోమునుంచి సముద్రానికి మూడంగుళాలు ఉంటుందేమో, అంతే గదా అమ్మమ్మా?”

“అంతేనా నాన్నా! నాకు ప్రపంచం చివరిదాకా వచ్చినట్టుండేది” అన్నది మా అమ్మ.

“పన్నెండు రోజుల్లో మూడంగుళాలు. అంటే రోజుకు పావు అంగుళం” అని వాడు లెక్కవేశాడు. తరవాత, “ఎవరెస్టు ఎత్తు ఎంతో అంత” అని మెల్లగా అన్నాడు. ఆ తరవాత పటంలో తప్పుల మాట వాడు మళ్ళీ ఎత్తలేదు.

మా అమ్మ మటుకు చాలాసేపు అక్కడినుంచి కదలలేదు. ఈనాటి పటాలలో ఆ దేశం మయన్మారు, ఆ ఊరు యాంగోను. 1989లో ఆ పేర్లు మార్చారు. తన చిన్నతనాన్ని ఎవరికైనా చూపాలంటే ఆమెకు కొత్త పటాలు పనికిరావు. తను పుట్టటానికి ఒక్క ఏడాది ముందు ఆగిపోయిన ఆ గాజు ప్రపంచమే ఆమెకు చుట్టంలాగా కనిపించి ఉంటుంది.

చివరగా శబ్దం సంగతి చెప్పాలి. ఇది పిల్లలకు అన్నిటికన్న ఇష్టమైన భాగం. గాజు శబ్దాన్ని పీల్చుకోదు. గోడకు కొట్టిన బంతిలాగా వెనక్కు తిప్పికొడుతుంది. గోడ బంతిలాగా గుండ్రంగా ఉంటే, అన్ని వైపులనుంచీ తిరిగి వచ్చే శబ్దం ఒక చోట పోగవుతుంది. అందుచేత వంతెన నట్టనడుమ నిలబడి మాట్లాడితే, మన గొంతు మనకే చుట్టూ పదిమంది మాట్లాడినట్టు వినిపిస్తుంది. వంతెన ఒక చివర నిలబడి గుసగుసలాడితే, రెండో చివర ఉన్నవాళ్ళకు చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళకు ఏమీ వినపడదు!

ఇది చూడటానికి మీరు బాస్టను పోనక్కర్లేదు. బిజాపూరు గోల్‌గుంబజులో పెద్ద గుమ్మటం కింద, లోపలి వసారాలో నిలబడి మెల్లగా ఒక మాట అంటే, అవతలి పక్కన నిలబడినవాళ్ళకు వినిపిస్తుంది. గోలకొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే, పైన కొండమీది బాలాహిసారులో వినిపించటం మీలో చాలామందికి తెలుసు. గోలకొండలో ఆ ఏర్పాటు, శత్రువులు వస్తే పైవాళ్ళకు తెలియటానికని చెబుతారు. బాస్టనులో మాత్రం ఎవరూ కావాలని చెయ్యలేదు. గోళం కట్టిన తరవాత అది తనంత తానే వచ్చింది.

మేమూ పరీక్ష చేశాము. మా మేనకోడలు ఆ చివరకు పరిగెత్తింది. మా అమ్మ ఈ చివర నిలబడి ఏదో గొణిగింది. మధ్యలో ఉన్న నాకు పెదవులు కదలటం తప్ప ఏమీ తెలియలేదు. ఆ పిల్ల మాత్రం కళ్ళు పెద్దవి చేసి పరిగెత్తుకుంటూ వచ్చింది.

“వినపడింది అమ్మమ్మా! కాని అర్థం కాలేదు. అది తెలుగు కాదు గదా?”

“కాదు తల్లీ, బర్మా భాష. తమిన్ సా పీ బీ లా. అన్నం తిన్నావా అని. మా పక్కింటావిడ రోజూ నన్ను గుమ్మంలో చూసి ఆ మాటే అడిగేది. నాకు వచ్చిన బర్మా భాష అదొక్కటే” అన్నది మా అమ్మ.

మా మేనకోడలు ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నది. మళ్ళీ ఆ చివరకు పరిగెత్తి, గాజు వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. మా అమ్మ పకపకా నవ్వింది.

“ఏమన్నదమ్మా?” అని నేను అడిగాను.

“ఇంకా తినలేదు, ఆకలి దంచేస్తున్నది అంటున్నదిరా. పదండి, పదండి” అన్నది మా అమ్మ.